ఊబకాయం మ్యాపు చదివే పద్ధతి

పెద్దవాళ్లలో ఊబకాయం పెరుగుతోందంటూ ఏటా ఏదో ఒక సంస్థ మ్యాపు విడుదల చేస్తుంది. లేత పసుపు దగ్గర మొదలై ముదురు ఎరుపు దాకా రంగులు. ఎర్రగా ఉన్నచోట జనం లావు, పసుపుగా ఉన్నచోట సన్నం, అంతే కదా అనుకుని పక్కన పెట్టేస్తాం. నేను చాలాకాలం ఆరోగ్య సర్వేల్లో ఎత్తూ బరువూ కొలిచే బృందాలకు సూపర్‌వైజర్‌గా చేశాను. ఇప్పుడు అలా వచ్చిన కొలతల్ని పట్టికలుగా మార్చే పనిలో ఉన్నాను. అందుకేనేమో నా కన్ను ముందు రంగుల మీదికి పోదు, మ్యాపు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే నోటు మీదికి పోతుంది. రెండు ప్రాంతాల మధ్య కనిపించే తేడాలో ఎంత నిజంగా ఒంట్లో ఉంది, ఎంత కొలిచిన తీరులో ఉంది అన్నది తేలేది అక్కడే. ఆ నోటును ఏ వరసలో చదవాలో చెబుతాను. మామూలు కాలిక్యులేటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి, చాలు.

కొలిచారా, అడిగారా?

నన్నడిగితే సగం సంగతి ఇక్కడే ఉంది. బరువు సమాచారం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, మనిషిని నిలబెట్టి కొలవడం. రెండోది, ఫోన్ చేసో ఫారం ఇచ్చో "మీ ఎత్తెంత, బరువెంత" అని అడిగి చెప్పింది రాసుకోవడం.

అడిగితే ఏం చెబుతారో ఊహించగలరు. ఎత్తు కాస్త పెరుగుతుంది, బరువు కాస్త తగ్గుతుంది. అబద్ధం చెప్పాలని కాదు. చాలామందికి గుర్తున్న ఎత్తు పడుచు వయసులో ఎప్పుడో కొలిపించుకున్నది, గుర్తున్న బరువు చాన్నాళ్ల కిందటెప్పుడో తూచుకున్నది. మొత్తమ్మీద మగవాళ్లు ఎత్తు దగ్గర, ఆడవాళ్లు బరువు దగ్గర ఎక్కువ సర్దుకుంటారు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో ఒక లెక్క వేసి చూడండి. బీఎంఐ అంటే కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడం. ఒకాయన ఫోన్‌లో 170 సెంటీమీటర్లు, 86 కిలోలు అన్నాడనుకోండి. 86ని 1.70తో రెండుసార్లు భాగిస్తే 29.8. ఊబకాయం గీత 30 దగ్గర ఉంటుంది కాబట్టి ఆయన 'అధిక బరువు' గడిలోకి వెళ్తాడు. అదే మనిషిని నిలబెట్టి కొలిస్తే 168 సెంటీమీటర్లు, 88 కిలోలు వచ్చింది. ఇప్పుడు 31.2. మనిషి మారలేదు, గడి మారింది. రెండు సెంటీమీటర్లూ రెండు కిలోలే. గీతకు అటూ ఇటూ నిలబడే జనం పెద్ద దేశాల్లో లక్షల్లో ఉంటారు.

కొలవడం కూడా చూసినంత సులువు కాదు. చెప్పులు విప్పించాలి, కొప్పు ఉంటే తీయించాలి, జేబుల్లో ఫోనూ తాళాలూ బయట పెట్టించాలి. మడమలు బోర్డుకు ఆనాలి. కంటి గుంత కింది అంచూ చెవి రంధ్రం పై అంచూ ఒకే అడ్డగీత మీదికి వచ్చేలా తల నిలపాలి. గడ్డం పైకెత్తి నిలబడ్డ మనిషి ఎత్తు సరిగ్గా రాదు. తూకం యంత్రం గట్టి నేల మీద ఉండాలి, తివాచీ మీద పెడితే తప్పు చూపిస్తుంది. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు తెలిసిన బరువు ఒకటి దాని మీద పెట్టి సరిచూడాలి. ఇక సాయంత్రం ఫారాలు నా దగ్గరికి వస్తే నేను మొదట చూసేది చివరి అంకె. ఎత్తులు సగానికి సగం 0తోనో 5తోనో ముగుస్తుంటే అక్కడ కొలవడం జరగలేదు, ఉజ్జాయింపు జరిగింది. ఆ బృందాన్ని మర్నాడు మళ్లీ పంపడమే. మంచి సర్వే నివేదికల్లో ఈ చివరి అంకెల తనిఖీ గురించి ఒక పేరా ఉంటుంది. ఉంటే ఆ నివేదిక మీద నాకు గౌరవం ఒక మెట్టు పెరుగుతుంది.

అడగడానికీ కొలవడానికీ మధ్య దూరం అమెరికా లెక్కల్లో బాగా కనిపిస్తుంది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ విడుదల చేసే రాష్ట్రాలవారీ మ్యాపు ఫోన్ సర్వే నుంచి వస్తుంది. 2023 మ్యాపులో 40 శాతం దాటినవి మూడే రాష్ట్రాలు: వెస్ట్ వర్జీనియా, మిసిసిపీ, ఆర్కన్సా. కొలరాడో 25 శాతం లోపే ఉంది. అదే సీడీసీ మనుషుల్ని పరీక్షా కేంద్రాలకు పిలిచి కొలిచే ఇంకో సర్వే చేస్తుంది. అందులో 2021 ఆగస్టు నుంచి 2023 ఆగస్టు మధ్య దేశం మొత్తానికి వచ్చిన అంకె 40.3 శాతం. దేశం మొత్తమే 40 దాటితే, రాష్ట్రాల్లో 40 దాటినవి మూడే ఉండటమేమిటి? రెండు లెక్కలూ వేటికవి సరైనవే. ఒకటి అడిగింది, ఇంకోటి కొలిచింది.

మరి ఫోన్ మ్యాపును పారేయాలా? అక్కర్లేదు. అన్ని రాష్ట్రాల్లోనూ ఒకే ప్రశ్న, ఒకే పద్ధతి కాబట్టి ఏది ముందు, ఏది వెనక అని చూడటానికి అది బాగానే పనికొస్తుంది. అసలు స్థాయి ఎంత అన్నదానికి మాత్రం దాన్ని వాడొద్దు. ఫోన్‌లో అడిగిన దేశాన్ని, నిలబెట్టి కొలిచిన దేశాన్ని ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి "వాళ్లకంటే వీళ్లు నయం" అనొద్దు. ఇలాంటి పట్టికలు చాలా ఉన్నాయి, ఆ తేడా చెప్పే నక్షత్రం గుర్తు ఎక్కడో మూలన ఉంటుంది.

గీత ఎక్కడ గీశారు?

బీఎంఐ వెనకున్న లెక్క 19వ శతాబ్దపు బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ క్వెట్లెట్‌ది. ఆ పేరు పెట్టింది 1972లో అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్. ఇద్దరికీ కావాల్సింది జనసమూహాల లెక్క, ఒక్కో మనిషి జాతకం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అంటుంది. అయితే అందరూ ఆ గీతే వాడరు. జపాన్, దక్షిణ కొరియాలో 25కే ఊబకాయం అంటారు. చైనాలో 28. భారత్‌లో డాక్టర్లు ఎక్కువగా 25 చూస్తారు. కారణం ఉంది: ఆసియా జనాల్లో చాలామందికి బీఎంఐ తక్కువగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ, మధుమేహం ముందే వస్తుంది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఆసియావారి విషయంలో 23, 27.5 దగ్గర కూడా జాగ్రత్త పడాలని చెప్పింది, అంతర్జాతీయ పోలికలకు మాత్రం పాత గీతలనే ఉంచింది. దీనికి తిరగేసిన ఉదాహరణ పసిఫిక్ మహాసముద్రంలోని పాలినీషియా దీవులు. అక్కడివారికి అదే బీఎంఐ దగ్గర కండ ఎక్కువ. న్యూజిలాండ్‌లో కొంతకాలం అక్కడి మూలవాసులైన మావోరీలకూ పసిఫిక్ దీవులవారికీ ఊబకాయం గీత 32 దగ్గర పెట్టారు.

ఒక్క భారత్‌కే ఎన్ని అంకెలు తిరుగుతున్నాయో చూడండి. 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్రపంచ అధ్యయనం 2022 నాటికి పెద్దవాళ్లలో ఊబకాయం ఆడవాళ్లలో 9.8 శాతం, మగవాళ్లలో 5.4 శాతం అంది. గీత 30. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆడవాళ్లలో 24 శాతం అంది. గీత 25, వయసు 15 నుంచి 49, పైగా 'అధిక బరువు లేదా ఊబకాయం' అని రెండూ కలిపి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం పెద్దవాళ్లందరిలో 28.6 శాతం అంది. గీత 25, దాన్నే ఊబకాయం అంది. అదే అధ్యయనం నడుము చుట్టుకొలత పట్టి పొట్ట ఊబకాయం 39.5 శాతం అని కూడా అంది. పదిలోపన్నా, నలభైకి దగ్గరన్నా దేశం ఒకటే. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటీ తప్పు కాదు. ఒకదాని ముందు ఒకటి పెట్టి "మూడేళ్లలో రెట్టింపైంది" అని శీర్షిక రాస్తే తప్పు.

గీత జరిగితే ఏమవుతుందో తెలియాలంటే 1998 చాలు. అప్పటిదాకా అమెరికాలో అధిక బరువు గీత మగవాళ్లకు 27.8, ఆడవాళ్లకు 27.3గా ఉండేది. దాన్ని 25కి దించారు. ఒక్క గ్రాము పెరగకుండా రెండు కోట్ల మందికి పైగా ఒక్కరోజులో అధిక బరువువాళ్లయిపోయారు.

లెక్కలో ఎవరున్నారు?

వయసు ముందు చూడండి. బరువు నడివయసు దాకా పెరుగుతూ పోతుంది. 15 నుంచి 49 ఏళ్లవాళ్లనే కొలిచే సర్వేలో పదిహేనేళ్ల పిల్ల ఉంటుంది, యాభై ఐదేళ్ల ఆమె ఉండదు. ఆ అంకెను 20 ఏళ్లు దాటిన అందరినీ కొలిచిన దేశంతో పోల్చకూడదు. రెండు చోట్లా పెద్దవాళ్లందరినీ కొలిచినా చిక్కు తీరదు, ఎందుకంటే ఒకచోట జనాభాలో యువకులెక్కువ, ఇంకోచోట ముసలివాళ్లెక్కువ. అందుకే 'వయసు సర్దుబాటు చేసిన' అంకె, చేయని అంకె అని రెండు ఉంటాయి. ప్రాంతాల్ని పోల్చాలంటే సర్దుబాటు చేసింది తీసుకోండి. ఎంతమందికి వైద్యం కావాలి, ఎన్ని మంచాలు కావాలి అని లెక్కేయాలంటే చేయనిదే కావాలి, ఎందుకంటే ఆసుపత్రికి వచ్చేది సర్దుబాటు చేసిన జనాభా కాదు.

ఆడా మగా కలిపేసిన అంకె కనిపిస్తే విడివిడిగా వెతకండి. 2016లో దక్షిణాఫ్రికాలో కొలిచినప్పుడు ఊబకాయం ఆడవాళ్లలో 41 శాతం, మగవాళ్లలో 11 శాతం. ఈ రెంటి సగటు తీస్తే వచ్చేది ఆ దేశంలో ఎవరికీ చెందని అంకె. చాలా దేశాల్లో ఆడవాళ్ల మ్యాపు, మగవాళ్ల మ్యాపు పక్కపక్కన పెడితే వేరే వేరే ప్రపంచాల్లా ఉంటాయి.

గర్భిణులను ఊబకాయం లెక్కలోంచి తీసేస్తారు, తీయాలి కూడా. ఇళ్లకు వెళ్లి చేసే సర్వేల్లో వృద్ధాశ్రమాలు, సైనిక నివాసాలు మామూలుగా ఉండవు.

శాతమా, తలకాయలా?

శాతం ప్రకారం ప్రపంచంలో పై వరస పసిఫిక్ దీవులది. 2022లో టోంగా, అమెరికన్ సమోవాల్లో ఆడవాళ్లలో, అమెరికన్ సమోవా, నౌరూల్లో మగవాళ్లలో ఊబకాయం 60 శాతం పైనే. నౌరూ జనాభా మొత్తం పన్నెండు వేల చిల్లర. భారత్‌లో ఊబకాయం శాతం అందులో ఏ మూలకూ రాదు, కానీ 2022లో 4.4 కోట్ల మంది ఆడవాళ్లు, 2.6 కోట్ల మంది మగవాళ్లు 30 గీత దాటి ఉన్నారు. మందులు ఎక్కడికి ఎన్ని పంపాలి అన్న ప్రశ్నకు మ్యాపు రంగు జవాబు చెప్పదు. పైగా మ్యాపులో కంటికి ఆనేది నేల వైశాల్యం. జనం లేని పెద్ద ప్రాంతం ఎర్రగా ఉంటే భయంగా ఉంటుంది, కోటిమంది ఉండే నగరం చుక్కలా ఉండి కనపడదు.

రంగుల హద్దుల్ని కూడా అనుమానంగానే చూడాలి. 34.9 ఒక రంగు, 35.0 ఇంకో రంగు. ప్రతి అంకె పక్కనా 'ఇంత నుంచి ఇంత దాకా ఉండొచ్చు' అనే పరిధి ఒకటి ఇస్తారు. పరిధులు బాగా ఒకదానిమీద ఒకటి పడుతుంటే ఆ రెండు ప్రాంతాల ర్యాంకు గురించి మాట్లాడుకోవడం దండగ. ఏడో స్థానం నుంచి పదకొండో స్థానానికి పడిపోయాం అని వార్త రాసేవాళ్లు ఈ పరిధి చూసి ఉంటే ఆ వార్త రాయరు.

ఇంకోటి, ప్రపంచ మ్యాపుల్లో ప్రతి దేశానికీ రంగు ఉంటుంది కానీ ప్రతి దేశంలోనూ ఏటా సర్వే జరగదు. 2024 లాన్సెట్ అధ్యయనం 3,663 సర్వేలు, 22.2 కోట్ల మంది కొలతలు పోగేసింది. అంత పని జరిగినా, సర్వేలు లేని సంవత్సరాలనూ సర్వేలు తక్కువున్న దేశాలనూ గణిత నమూనాతో పూడ్చింది. అది మోసం కాదు, బాహాటంగా చెప్పి చేసిన పనే. పరిధి వెడల్పుగా ఉన్న దేశం కనిపిస్తే అక్కడ కొలతలు పలచగా ఉన్నాయని అర్థం చేసుకోండి.

'పెరిగింది' అన్నప్పుడు

1990 నుంచి 2022కి ప్రపంచంలో పెద్దవాళ్లలో ఊబకాయం ఆడవాళ్లలో 8.8 నుంచి 18.5 శాతానికి, మగవాళ్లలో 4.8 నుంచి 14.0 శాతానికి చేరింది. ఇప్పుడు ఎవరిలో ఎక్కువ పెరిగింది? రెట్లలో చూస్తే ఆడవాళ్లలో రెండింతలు దాటింది, మగవాళ్లలో దాదాపు మూడింతలు. శాతం పాయింట్లలో తీసేస్తే ఆడవాళ్లలో 9.7, మగవాళ్లలో 9.2. ఎవరికి కావాల్సిన శీర్షిక వాళ్లకు దొరుకుతుంది. నేనైతే రెండూ రాయమంటాను. తక్కువ దగ్గర మొదలైన ప్రాంతం రెట్లలో ఎప్పుడూ భయంకరంగానే కనిపిస్తుంది.

తర్వాత, మధ్యలో పద్ధతి మారిందా అని చూడండి. అమెరికా ఫోన్ సర్వేలో 2011లో సెల్‌ఫోన్లు చేర్చి, లెక్క కట్టే తీరు మార్చారు. అందుకే 2010ని, 2011ని కలిపి గీత గీయొద్దని సీడీసీయే చెబుతుంది. కోవిడ్ కూడా ఇలాంటి గండే. అమెరికాలో కొలిచే సర్వే 2020 మార్చిలో ఆగిపోయింది. భారత్‌లో ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే రెండు విడతల్లో నడిచింది, కొన్ని రాష్ట్రాల కొలతలు కోవిడ్‌కు ముందువి, కొన్నిటివి కోవిడ్ మొదలయ్యాక కూడా సాగినవి. ఆ రెంటినీ పోల్చేటప్పుడు ఏ రాష్ట్రం ఏ విడతలో ఉందో చూసుకోవాలి.

అంకె ఆగిపోయినా పొంగిపోవద్దు. అమెరికాలో 2013-14 నుంచి 2021-23కి మొత్తం ఊబకాయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అదే కాలంలో బీఎంఐ 40 దాటిన తీవ్ర ఊబకాయం 7.7 నుంచి 9.7 శాతానికి పెరిగింది. గీత దాటినవాళ్ల సంఖ్య నిలకడగా ఉన్నా, దాటినవాళ్లు ఇంకా ముందుకు పోతున్నారన్నమాట. మ్యాపులో ఇది కనపడదు, విడిగా వెతకాలి.

కారణాలు ఆఖర్న

జనం మ్యాపు చూసిన మొదటి నిమిషంలోనే కారణం చెప్పేస్తారు. బద్ధకం అంటారు, తిండిపోతుతనం అంటారు. నాకు ఈ మాట వింటే చిరాకు. ముప్పై ఏళ్లలో ప్రపంచమంతా ఒకేసారి బద్ధకస్తులైపోయి, అందులోనూ వెస్ట్ వర్జీనియావాళ్లు కొలరాడోవాళ్లకంటే ఎక్కువ బద్ధకస్తులయ్యారంటే నమ్మేదెలా? చుట్టూ ఏం అమ్ముతున్నారు, పని ఎలాంటిది, నడవడానికి దారుందా, చేతిలో డబ్బెంత, ఇవి ప్రాంతాన్నిబట్టి మారతాయి. పట్టుదల సరిహద్దుల్నిబట్టి మారదు.

రెండో తొందరపాటు 'నగర జీవితం'. 2019లో నేచర్ సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 1985 నుంచి 2017 దాకా ప్రపంచ సగటు బీఎంఐ పెరుగుదలలో 55 శాతానికి పైగా గ్రామీణ ప్రాంతాలదేనని తేల్చింది. డబ్బు సంగతీ అంతే. పేద దేశాల్లో ఊబకాయం ఎక్కువగా డబ్బున్నవాళ్లది, సంపన్న దేశాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, పేదలది. మధ్యలో ఉన్న దేశాలు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి జరుగుతుంటాయి. కాబట్టి ఒక దేశంలో నిజమైన కారణాన్ని ఇంకో దేశానికి అంటించొద్దు. పసిఫిక్‌లో అయితే దిగుమతి తిండితోపాటు జన్యువు పాత్రా కొంత ఉంది: సమోవావారిలో తరచుగా కనిపించే ఒక జన్యు మార్పు బీఎంఐని పెంచుతుందని 2016లో గుర్తించారు. విచిత్రమేమిటంటే అదే మార్పు ఉన్నవాళ్లలో మధుమేహం ముప్పు తక్కువ.

ప్రాంతం అంకె చూసి మనిషిని అంచనా వేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఒక్క మనిషి గురించి తెలుసుకోవాలంటే టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యన, చర్మానికి ఆనేలా, బిగించకుండా చుట్టండి. ఊపిరి మామూలుగా వదిలాక చదవండి, పొట్ట లోపలికి లాక్కోనివ్వొద్దు. ఆ అంకె ఎత్తులో సగానికి లోపల ఉండాలన్నది బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022 నుంచి ఇస్తున్న సలహా. 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ కూడా ఒక్క బీఎంఐతో మనిషికి ఊబకాయం అని నిర్ధారించొద్దని, నడుములాంటి ఇంకో కొలత ఉండాలని చెప్పింది.

ఇక మీరు చూస్తున్న మ్యాపు దగ్గరికొస్తే, దాన్ని ఎవరికైనా పంపే ముందు ఈ వాక్యంలో ఖాళీలు నింపండి: "ఫలానా సంవత్సరంలో, ఫలానా వయసువాళ్లను, కొలిచి లేదా అడిగి, ఫలానా బీఎంఐ గీత పెట్టి చూస్తే, ఈ ప్రాంతంలో ఇంత శాతం, ఆ ప్రాంతంలో ఇంత శాతం, పరిధి ఇంత నుంచి ఇంత." ఒక ఖాళీ మిగిలితే నివేదికలో పద్ధతుల అధ్యాయం తెరవండి. దాదాపు ఎప్పుడూ అక్కడ దొరుకుతుంది. రెండు మూడు ఖాళీలు అక్కడా నిండకపోతే నేను ఆ మ్యాపును వాడను, పంపను.